"డిలీట్ చేసేలోపు అందరికీ పంపండి": ఒక స్కూల్ వ్యాక్సిన్ పుకారు, మేము చేసిన తప్పులు

ఆరోగ్య కార్యక్రమాల మీద పుట్టే పుకార్లకి జవాబు చెప్పే ఒక చిన్న టీమ్‌లో నేను పని చేస్తాను. ఇది మేము చూసిన వాటిలో పెద్ద కేసేం కాదు. కానీ మొదటి మూడు రోజులు మేము చేసిన ప్రతి పనీ పుకారుకే ఉపయోగపడింది, నాలుగో రోజు నుంచి లెక్క మారింది. ఎందుకు మారిందో రాసి పెట్టుకోవాలనిపించింది. స్కూలు, మనుషులు ఎవరో తెలిసే వివరాలు తీసేశాను, ఒకటి రెండు చిన్న విషయాలు మార్చాను, జరిగిన వరుస మాత్రం మార్చలేదు. వీడియోలో ఉన్న పిల్ల తల్లికి ఇదంతా చదివి వినిపించి, ఆవిడ సరేనన్నాకే బయటపెడుతున్నాను.

నేపథ్యం

పన్నెండు, పదమూడేళ్ళ ఆడపిల్లలకి స్కూల్లోనే హెచ్‌పీవీ వ్యాక్సిన్ వేసే కార్యక్రమం అది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి దాదాపు ప్రతి కేసులోనూ కారణమయ్యే వైరస్ నుంచి కాపాడే వ్యాక్సిన్ ఇది, 2006 నుంచి వాడుకలో ఉంది. స్వీడన్‌లో పదహారు లక్షలకి పైగా అమ్మాయిల, మహిళల రికార్డులు చూసి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, 17 ఏళ్ళలోపే వేయించుకున్న వాళ్ళలో ఈ క్యాన్సర్ 88 శాతం తక్కువగా కనిపించింది. ఇంత మంచి వ్యాక్సిన్ చుట్టూ ఇన్ని పుకార్లు ఎందుకంటే, ఇది ఇచ్చే వయసు అలాంటిది. అప్పుడే ఎదుగుతున్న ఆడపిల్ల, గర్భాశయం అనే మాట, సూది. తల్లిదండ్రుల భయానికి ఈ మూడూ చాలు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఈ కేసంతా దాని మీదే నడిచింది. ఏ వ్యాక్సిన్ వేసినా ఈ వయసు పిల్లల్లో కొందరు కళ్ళు తిరిగి పడిపోతారు. సూది అంటే భయం వల్ల గుండె వేగం, బీపీ ఒక్కసారిగా తగ్గుతాయి, మెదడుకి రక్తం కాసేపు తక్కువగా వెళ్తుంది, పడుకోబెడితే నిమిషం రెండు నిమిషాల్లో లేస్తారు. అందుకే కూర్చోబెట్టి వేయాలని, వేశాక 15 నిమిషాలు అక్కడే ఉంచి గమనించాలని చెబుతారు. ఒకరు పడిపోతే చూసిన వాళ్ళలో ఇంకొందరు పడిపోవడం కూడా కొత్త కాదు. కొలంబియాలోని ఎల్ కార్మెన్ దె బొలీవర్ అనే పట్టణంలో 2014లో వందల మంది అమ్మాయిలు ఇలాగే ఆస్పత్రుల పాలయ్యారు. వాళ్ళ వీడియోలు దేశమంతా తిరిగాయి. దర్యాప్తులో వ్యాక్సిన్‌తో సంబంధం తేలకపోయినా, ఆ దేశంలో వేయించుకునే వాళ్ళ సంఖ్య దారుణంగా పడిపోయింది. ఇదంతా మాకు తెలుసు. తెలిసీ ఆ స్కూల్లో పిల్లల్ని లైన్లో నిలబెట్టి వేశారు, ఆ ఏర్పాటు ముందుగా చూసి ఆపని వాళ్ళలో మేమూ ఉన్నాం.

సమస్య ఎలా వచ్చింది

ఒకటే హాలు. ఒక పక్క సూది వేస్తున్నారు, ఎదురుగానే లైను, లైన్లో ఉన్నవాళ్ళకి అంతా కనిపిస్తోంది. వేయించుకున్న ఒక అమ్మాయి నాలుగడుగులు వేసి పడిపోయింది. అది చూసి మరో ముగ్గురు. పది నిమిషాల్లో నలుగురూ లేచి కూర్చున్నారు, నీళ్ళు తాగారు, సాయంత్రానికి ఇళ్ళకి వెళ్ళిపోయారు.

ఎవరో కిటికీలోంచి తీసిన వీడియో మధ్యాహ్నానికే వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చింది. 23 సెకన్లు. నేను దాన్ని ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. మొదట కెమెరా ఊగుతుంది, తర్వాత నేల మీద పడి ఉన్న పిల్ల, ఒక బూటు ఊడిపోయి పక్కన ఉంటుంది, టీచర్ ఒకావిడ నోట్‌బుక్‌తో విసురుతుంటారు, "నీళ్ళు, నీళ్ళు" అని ఎవరో అరుస్తారు. పిల్ల చెయ్యి కదలబోతుండగా ఆగిపోతుంది.

వీడియో ఒక్కటే అయితే సాయంత్రానికి సద్దుమణిగేదేమో. రాత్రికి దాని వెనకే ఒక ఆడియో వచ్చింది. ఒక ఆడమనిషి గొంతు, ఏడుపు ఆపుకుంటున్నట్టు. తాను ఆస్పత్రి లోపలి మనిషినని, ఒక పిల్ల చనిపోయిందని, ముగ్గురు ఐసీయూలో ఉన్నారని, ఈ సూది వేసుకున్న వాళ్ళకి తర్వాత పిల్లలు పుట్టరని, ఇదంతా బయటికి రాకుండా తొక్కేస్తున్నారని. చివర్లో, "వాళ్ళు డిలీట్ చేయించేలోపు మీకు తెలిసిన అందరికీ పంపండి."

మర్నాడు ఉదయానికి ఆ స్కూల్లో డెబ్భై మందికి పైగా తల్లిదండ్రులు సంతకం పెట్టిన ఫారాలు వెనక్కి ఇవ్వమని అడిగారు. దగ్గర్లోని మరో స్కూల్లో తర్వాతి వారం వేయాల్సి ఉంది, అక్కడా ఫోన్లు మొదలయ్యాయి.

ముందు ఏం చేశాం, ఎందుకు చేశాం

మొదటిది, అధికారిక లెటర్. రెండు పేజీలు, సీలు, సంతకాలు, పీడీఎఫ్. సంతకాలు పూర్తయ్యేసరికి 30 గంటలు గడిచాయి. బాధ్యత గల వాళ్ళు బాధ్యతగా మాట్లాడితే జనం వింటారనుకున్నాం. "సామాజిక మాధ్యమాల్లో ప్రచారమవుతున్న వార్తలు పూర్తిగా నిరాధారం, ఎలాంటి అవాంఛనీయ ఘటనా జరగలేదు" అని మొదలైంది. ఆ వాక్యం ముసాయిదాలో నేనే రాశాను. దాని గురించి మళ్ళీ చెబుతాను. ఒక గ్రూప్‌లో ఆ పీడీఎఫ్ కింద వచ్చిన ఒకే ఒక్క రిప్లై, "నిప్పు లేనిదే పొగ రాదు కదా."

రెండోది, అడ్మిన్లకి ఫోన్ చేసి ఆడియో, వీడియో తీసేయమన్నాం. ఇది చెప్పడానికి ఇప్పటికీ నాకు కష్టంగా ఉంటుంది. వాట్సాప్‌లో మెసేజ్‌లు 2016 నుంచి పూర్తిగా ఎన్‌క్రిప్ట్ అయి వెళ్తాయి, లోపల ఏముందో కంపెనీకి కూడా కనిపించదు, అంటే బయటి నుంచి ఎవరో వచ్చి తీసేసే దారి లేదు, అడ్మిన్లే చేయాలి. అందుకే వాళ్ళని అడగడం సహజమే అనిపించింది. కానీ ఆడియోలో ఆ గొంతు ముందే ఏం చెప్పింది? డిలీట్ చేయిస్తారని. ఇద్దరు అడ్మిన్లు తీసేశారు, గంటలోపే ఇంకొకరు అదే గ్రూప్‌లో మళ్ళీ పెట్టి, "చూశారా, నిజంగానే డిలీట్ చేయిస్తున్నారు" అని రాశారు. పుకారు తనకి కావాల్సిన సాక్ష్యాన్ని ముందే రాసిపెట్టుకుంది, దాన్ని మా చేతులతో మేమే ఇచ్చాం. అప్పటిదాకా ఊరికే చూస్తున్న వాళ్ళు కూడా ఆ తర్వాత ఫార్వర్డ్ చేయడం మొదలుపెట్టారు.

మూడోది, వీడియో స్క్రీన్‌షాట్ మీద ఎర్రగా "అబద్ధం" అని స్టాంప్ వేసి, ఆ బొమ్మని మాకు తెలిసిన గ్రూపులన్నిటికీ పంపాం. వేగంగా పని చేయాలనే తొందరలో ఎక్కడికి పంపుతున్నామో చూసుకోలేదు. వీడియో అసలు చేరని గ్రూపులకి కూడా దాన్ని మేమే చేర్చాం. పైగా ఒకే మాట పదే పదే కళ్ళబడితే అది నిజమనిపించడం మనిషి మనసుకున్న గుణం. 1977లోనే ప్రయోగాలు చేసి చూపించిన విషయం అది. ఎర్ర అక్షరాలు కొన్నాళ్ళకి మర్చిపోతారు, కింద పడిన పిల్ల గుర్తుంటుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, వీడియో అబద్ధం కాదు. పిల్ల పడిపోయింది. కళ్ళతో చూసిన వాళ్ళు పదుల మంది ఉన్న ఘటన మీద "అబద్ధం" అని స్టాంప్ వేస్తే, అబద్ధాలాడేది మేమేనని వాళ్ళకి తెలిసిపోయింది.

ఇవి కాక, ఆడియో మొదట ఎవరు పెట్టారో వెతకడానికి ఒక మనిషిని రెండు రోజులు పెట్టాం. దొరకలేదు. దొరికినా ఆ తల్లుల భయం తగ్గేది కాదు. మళ్ళీ అయితే ఆ మనిషిని ఆ పనిలో పెట్టను.

మూడో రోజు సాయంత్రం

వీడియోలో ఉన్న పిల్ల ఇంటికి వెళ్ళాను. నిజం చెప్పాలంటే పిల్ల క్షేమంగా ఉందని ఒక ఫొటో తీసుకుందామనే వెళ్ళాను. తల్లి తలుపు తీసింది, కూర్చోమంది, కానీ ఫొటో మాట ఎత్తగానే ముఖం మారిపోయింది. ఆ మూడు రోజుల్లో ఆ ఇంటికి ఎన్ని ఫోన్లు వచ్చాయో చెప్పింది. దూరపు చుట్టం ఒకావిడ పిల్ల పోయిందనుకుని ఏడుస్తూ చేసిందట. తర్వాత నా వైపు చూసి అడిగింది:

"నలుగురు పడిపోయారా లేదా మేడమ్? మీ లెటర్లో ఆ ముక్కే లేదు. ఏమీ జరగలేదని రాశారు. మరి మా అమ్మాయి పడిపోవడం నేను కలగన్నానా?"

నా దగ్గర జవాబు లేదు. ఒక అబద్ధాన్ని ఖండిస్తూ మేము ఇంకో అబద్ధం రాశాం. "అవాంఛనీయ ఘటన" అంటే ప్రాణాపాయం అని మా భాష, ఆవిడకి మాత్రం తన బిడ్డ నేల మీద పడి ఉండటమే అవాంఛనీయ ఘటన. క్షమించమని అడిగాను. ఆ తర్వాతే ఆవిడ మామూలుగా మాట్లాడింది.

"మరి ఎందుకు పడిపోయింది?" అని అడిగింది. చూస్తే, ఈ ప్రశ్నకి మూడు రోజులుగా జవాబు చెప్పింది ఆ ఆడియో ఒక్కటే. మేము "అది కాదు, అది కాదు" అంటున్నామే తప్ప, ఏమిటో చెప్పలేదు. ఖాళీగా ఉన్న చోట ఎవరు ముందు వచ్చి కూర్చుంటే వాళ్ళదే ఆ చోటు.

ఆ రాత్రి సూది వేసిన నర్సుకి ఫోన్ చేసి ఒక్కొక్కరి వరుస రాయించుకున్నాను. అప్పుడు తెలిసింది, పడిపోయిన నలుగురిలో ఇద్దరికి అప్పటికింకా సూదే వేయలేదు. వాళ్ళు లైన్లో ఉన్నారు. ఈ సంగతి మొదటి రోజే అడిగి ఉంటే కేసు అక్కడే సగం అయిపోయేది. ఖండన రాసే తొందరలో, ఏం జరిగిందని ఎవరమూ పూర్తిగా అడగలేదు.

ఏది పనిచేసింది

నాలుగో రోజు ఉదయం ఒక అటెండర్ ఫోన్‌లో అదే ఘటన వీడియో ఇంకోటి దొరికింది, ఇది 51 సెకన్లు. ఇందులో పిల్ల లేచి కూర్చుంటుంది, గ్లాసు అందుకుంటుంది, సిగ్గుగా నవ్వుతుంది కూడా. టీమ్‌లో అందరూ వెంటనే విడుదల చేద్దామన్నారు. పుకారుని ఒక్క దెబ్బతో కొట్టే ఆధారం అది, కాదనలేం. నేను ముందు తల్లిని అడుగుదామన్నాను. ఆవిడ వద్దంది. "ఇప్పటికే దాని ముఖం అందరి ఫోన్లలో ఉంది, ఇంకో వీడియో వద్దు." మా వాళ్ళలో ఒకరు, వందల మంది పిల్లల మేలు కోసం ఒక్క పిల్ల ముఖం ఎక్కువా అని వాదించారు. ఆ వాదన తప్పని ఇప్పటికీ అనుకుంటున్నాను. అడక్కుండా పిల్ల వీడియో తీసి పంపడమే కదా ఇదంతా మొదలుపెట్టింది. మేమూ అదే పని చేస్తే ఆ తల్లితో పాటు మిగతా తల్లుల నమ్మకం కూడా పోతుంది. వీడియో పక్కన పెట్టేశాం.

సాయంత్రం ఆవిడే ఫోన్ చేసింది. "వీడియో వద్దు గానీ, నేను మాట్లాడతాను" అంది.

ఏం చెప్పాలో మేము రాసివ్వలేదు. పేరు చెప్పొద్దని మాత్రం అన్నాం. 40 సెకన్ల వాయిస్ మెసేజ్ వచ్చింది. ఆ వీడియోలో పడిపోయిన పిల్ల తల్లిని నేనే, మా అమ్మాయి బాగుంది, సూది భయానికి కళ్ళు తిరిగాయి, లైన్లో ఉన్న ఇద్దరు అసలు సూది వేయకముందే పడిపోయారు, ఎవరూ చనిపోలేదు, ఐసీయూలో ఎవరూ లేరు, దయచేసి మా పిల్ల వీడియో ఇంక పంపొద్దు. అంతే. వ్యాక్సిన్ వేయించమని ఆవిడ చెప్పలేదు, మేము చెప్పించలేదు. అప్పటికి రెండో డోసు విషయం తానే తేల్చుకోలేదు. ఆ మాట చెప్పించి ఉంటే అది ప్రచారంలా వినపడేది, పైగా ఆవిడ మనసులో లేని మాట అయ్యేది.

దాంతో పాటు ఐదు వాక్యాల చిన్న టెక్స్ట్ రాశాం. మొదటి వాక్యం "అవును, ఆ రోజు నలుగురు అమ్మాయిలు కళ్ళు తిరిగి పడిపోయారు." రెండు, మూడు వాక్యాల్లో ఎందుకు పడిపోయారో. నాలుగోది, ఎవరూ చనిపోలేదు, నలుగురూ స్కూలుకి వస్తున్నారు. ఐదోది, మొదటి లెటర్లో ఈ విషయం రాయకపోవడం మా తప్పు. ఈ ఐదో వాక్యం మీద పైవాళ్ళతో రెండు గంటలు వాదించాల్సి వచ్చింది, తప్పు ఒప్పుకుంటే ఆడియో నిజమని ఒప్పుకున్నట్టు అవుతుందని వాళ్ళ భయం. తర్వాత గ్రూపుల్లో జనం ఎక్కువగా ప్రస్తావించింది ఆ వాక్యాన్నే. "మానసికం" అనే మాట ఎక్కడా రాకుండా చూసుకున్నాం. డాక్టర్ల భాషలో ఆ మాటకి అర్థం వేరే అయినా, తల్లిదండ్రులకి మాత్రం "మీ పిల్ల నటించింది" అన్నట్టు వినిపిస్తుంది. భయానికి శరీరం నిజంగానే స్పందిస్తుంది, బీపీ నిజంగానే పడిపోతుంది, అదే రాశాం.

ఎక్కడికి పంపాలన్నది మరో నిర్ణయం. ఈసారి ఆడియో ఎక్కడ తిరుగుతోందో ముందు కనుక్కున్నాం. మీకు వస్తే మాకు పంపండి అని ఒక నంబర్ ఇచ్చాం, వచ్చినవి నోట్‌బుక్‌లో రాసుకుంటే 11 గ్రూపులు తేలాయి. ఆ పదకొండింటికే పంపాం. అది కూడా మా నంబర్ నుంచి కాకుండా, ఆ గ్రూపుల్లో ఉన్న తల్లుల చేతే పెట్టించాం. మిగతా గ్రూపుల్లో ఒక్క ముక్క మాట్లాడలేదు. సరిదిద్దితే జనం ఇంకా మొండికేస్తారనే భయం ఒకప్పుడు ఎక్కువగా ఉండేది, 2010లో వచ్చిన ఒక పరిశోధన వల్ల. తర్వాత వేల మందితో చేసిన పరీక్షల్లో అలాంటిది దాదాపు కనిపించలేదు. కాబట్టి చేరిన చోట దిద్దడానికి నేను భయపడను. చేరని చోట దిద్దబోవడమే చేటు.

పిల్లలు పుట్టరనే మాటని ఆ మెసేజ్‌లో కలపలేదు, కావాలనే. చనిపోయారా లేదా అన్నది ఆ రోజు భయం, ఇది మెల్లగా నమిలే భయం, రెండిటికీ ఒకే మెసేజ్‌లో జవాబు చెబితే దేనికీ చెప్పినట్టు ఉండదు. స్కూల్లో ఒక సాయంత్రం డాక్టర్‌ని కూర్చోబెట్టి, అడిగినవాళ్ళకి అడిగినంతసేపు చెప్పించాం. ఒక తండ్రి లేచి సూటిగా అడిగారు. డాక్టర్ ఊరికే కొట్టిపారేయలేదు. ఇన్నేళ్ళుగా కోట్ల డోసులు వేశారని, గమనిస్తూనే ఉన్నారని, వ్యాక్సిన్‌కీ సంతానలేమికీ సంబంధం కనపడలేదని చెప్పి, "కానీ ఆ క్యాన్సర్ వస్తే మాత్రం చికిత్సలో గర్భాశయం తీసేయాల్సి రావచ్చు, పిల్లల్ని కనే అవకాశం పోయేది అప్పుడు" అన్నారు. ఆ తండ్రి ఇంకేం అడగలేదు, ఫారం కూడా ఆ రోజు ఇవ్వలేదు. తర్వాతి వారం ఇచ్చారు.

రెండో స్కూలు

అక్కడ పుకారుకి జవాబు చెప్పాలని చూడలేదు, ముందే చెప్పేశాం. 1960లలో విలియం మెక్‌గ్వైర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, మనుషుల్ని తప్పుడు వాదనల నుంచి కాపాడాలంటే వాటి బలహీనమైన రూపాన్ని ముందే రుచి చూపించాలని, టీకా పనిచేసే తీరులోనే ఇదీ పనిచేస్తుందని చెప్పారు. ముందురోజు తల్లిదండ్రులందరికీ ఒక పేజీ పంపాం. రేపు ఒకరిద్దరికి కళ్ళు తిరగొచ్చు, ఎందుకంటే ఇదీ కారణం, పడుకోబెడతాం, మీకు వెంటనే ఫోన్ చేస్తాం, ఎవరైనా వీడియో పంపితే ముందు మా నంబర్‌కి ఫోన్ చేసి అడగండి. హాల్లో తెర కట్టించాం, ఒక్కొక్కరినే లోపలికి పిలిచి కూర్చోబెట్టి వేశారు, 15 నిమిషాలు విడిగా ఉంచారు.

అక్కడా ఒక అమ్మాయి పడిపోయింది. గ్రూప్‌లో ఎవరో ఆందోళనగా రాస్తే, రెండు నిమిషాల్లో ఇంకో తల్లి జవాబిచ్చింది: "నిన్న లెటర్లో రాశారు కదా, అదే ఇది." అక్కడితో ఆగిపోయింది.

నేర్చుకున్నవి, మిగిలిపోయినవి

ట్విట్టర్‌లో 2006 నుంచి 2017 దాకా తిరిగిన లక్షా ఇరవై ఆరు వేల కథనాల వ్యాప్తిని పరిశీలించి అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ పరిశోధకులు 2018లో రాసిన దాని ప్రకారం, అబద్ధాన్ని రీట్వీట్ చేసే అవకాశం నిజం కన్నా 70 శాతం ఎక్కువ, 1500 మందిని చేరడానికి నిజానికి ఆరు రెట్లు ఎక్కువ సమయం పట్టింది, అదీ బాట్ల (వాటంతటవే పోస్టులు పెట్టే ప్రోగ్రామ్‌ల) వల్ల కాదు, మనుషుల వల్లే. కొత్తగా, విస్తుపోయేలా ఉండటమే అబద్ధానికి బలమని వాళ్ళ అంచనా. ఇది చదివి నేను చాలాకాలం, మన పని వేగం పెంచుకోవడమే అనుకున్నాను. ఈ కేసులో నాలుగో రోజు వెళ్ళిన నిజం పనిచేసింది, రెండో రోజు వెళ్ళిన లెటర్ చెడగొట్టింది. వేగం కావాలి, నిజమే, కానీ ఆ వేగం ముందు ఏం జరిగిందో తెలుసుకోవడంలో ఉండాలి. ఇప్పుడు మా దగ్గర నియమం ఒకటే, ఖండన రాసే ముందు అక్కడున్న ముగ్గురితోనైనా మాట్లాడాలి, అందులో ఒకరు బాధపడిన కుటుంబం నుంచి ఉండాలి.

ఫార్వర్డ్‌కి అడ్డంకులు పెడితే ఉపయోగం లేదని నేననను. వాట్సాప్ 2020 ఏప్రిల్‌లో, ఎక్కువసార్లు ఫార్వర్డ్ అయిన మెసేజ్‌ని ఒకసారి ఒక్క చాట్‌కే పంపేలా చేసినప్పుడు, అలాంటి మెసేజ్‌లు 70 శాతం తగ్గాయని ఆ కంపెనీయే చెప్పింది. అలాంటి మెసేజ్‌ల మీద వాట్సాప్ చూపించే రెండు బాణాల గుర్తు ఆ పుకారు ఆడియో మీద కూడా పడింది, దాని వల్ల కొంత నెమ్మదించిందనే నా నమ్మకం. కానీ ఒక తల్లి మరో తల్లికి భయంతో పంపేదాన్ని ఏ బాణం గుర్తూ ఆపదు. అది ప్రేమతో పంపేది, పంపకపోతే తప్పు చేసినట్టు అనిపించేది. అందుకే పంపినవాళ్ళని నేను ఎక్కడా తిట్టలేదు, టీమ్‌లో ఎవరైనా "మూర్ఖులు" అంటే ఊరుకోలేదు.

అందరూ తిరిగి రాలేదు. ఫారాలు వెనక్కి తీసుకున్న వాళ్ళలో ఇరవై మందికి పైగా ఇప్పటికీ వేయించలేదు. రెండు గ్రూపుల నుంచి మమ్మల్ని తీసేశారు. ఆ తల్లి రెండో డోసు వేయించింది, మాకు చెప్పకుండానే. నర్సు చెబితే తెలిసింది.

మొన్న ఈ రాత చదివి వినిపించడానికి వెళ్ళినప్పుడు పిల్ల ఇంట్లోనే ఉంది, కొంచెం పొడుగైంది. ఆ 23 సెకన్లు ఇంకా ఎక్కడో అక్కడ తేలుతూనే ఉన్నాయట, ఇంకో ఊరి పేరుతో, ఇంకో ఏడాది పేరుతో. స్కూల్లో గ్రూప్ ఫొటో తీస్తుంటే తను ఎప్పుడూ వెనక వరుసలోకి వెళ్ళి నిలబడుతుందని వాళ్ళమ్మ చెప్పింది. దానికి ఏం చేయాలో నాకింకా తెలియలేదు, ఆ ఇంటికి మాత్రం అప్పుడప్పుడు ఫోన్ చేస్తున్నాను.